కరివేపాకు మీద పసుపు గుడ్డు: మామూలు లెన్స్‌లతో క్లోజప్ ఫొటోలు, నా అనుభవం

మా మేడ మీద రెండు తొట్లలో కరివేపాకు మొక్కలున్నాయి. అమ్మ గూడూరు వదిలి నా దగ్గరికి వచ్చేసినప్పుడు వేళ్ళకి తడి గోనెపట్టా చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మద్రాసు పెరంబూరు ఎండకి తట్టుకుని గుబురుగా పెరిగాయి. పోయినేడాది ఆగస్టులో మాత్రం లేత ఆకులు అంచుల వెంట కొరికేసినట్టు తరిగిపోవడం మొదలైంది.

"ఏందో పురుగు తింటా ఉండాది, కాస్త చూడవే" అంది అమ్మ. ఆవిడకి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమ కంటిది ఇంకా కాలేదు. దగ్గరి వస్తువులు మసక. నేను కొమ్మలు వంచి చూస్తే ఒక చిగురు మీద లేత పసుపు రంగులో గుండ్రటి గుడ్డు కనపడింది. ఆవగింజలో సగం ఉంటుంది, అంతే. "ఇదుగో అమ్మా, సీతాకోకచిలుక గుడ్డు" అని చూపిస్తే, ఆవిడ కొమ్మని కంటికి దగ్గరగా తెచ్చుకుని, మళ్ళీ దూరం జరిపి, తల ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "నాకేం కనపళ్ళా" అని కొమ్మ వదిలేసి కిందికి వెళ్ళిపోయింది.

ఆ గుడ్డుని టీవీ తెర మీద పెద్దది చేసి అమ్మకి చూపించాలి అన్నది అప్పుడు పట్టిన పట్టు. ఆ తర్వాత మూడు నెలలు నేను కొన్నవీ, పక్కన పెట్టినవీ, నేర్చుకున్నవీ అన్నీ దాని వెంట వచ్చినవే.

ముందు ఫోన్‌తో ప్రయత్నించాను. ఆకు బాగా వచ్చింది, గుడ్డు ఒక మచ్చ. ఇంట్లో కానన్ క్రాప్ సెన్సర్ కెమెరా (బొమ్మని పట్టే చిప్పు, అంటే సెన్సర్, కొంచెం చిన్నదిగా ఉండేది) ఉంది, దానితో వచ్చిన 18-55, 55-250 జూమ్‌లు (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అది పెరిగే కొద్దీ దూరపుది దగ్గరగా కనపడుతుంది), విడిగా కొన్న 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్ ఉన్నాయి. పెళ్ళిళ్ళకీ పిల్లవాడి స్కూలు ఫంక్షన్లకీ వాడుకునే సరంజామా. చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీయడానికే చేసిన అసలైన మాక్రో లెన్స్ ధర అడిగి చూశాను. ఒక గుడ్డు కోసం అంత పెట్టడానికి మనసు ఒప్పలేదు. ఉన్న లెన్స్‌లకే ఏదన్నా తగిలించి ఆ పని చేయించవచ్చేమో చూద్దామనుకున్నాను.

18-55తో వీలైనంత దగ్గరికి వెళ్ళి తీసిన ఫొటోని కంప్యూటర్లో తెరిచి లెక్క వేశాను. ఈ లెన్స్ మహా అయితే వస్తువుని సెన్సర్ మీద 0.34 వంతు సైజులో పడేస్తుంది. సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ. అంటే ఫొటోలో పట్టేది దాదాపు 65 మి.మీ. వెడల్పున్న జాగా. అందులో నా గుడ్డు ఒక్క మిల్లీమీటరు. మొత్తం 6000 పిక్సెళ్ళ వెడల్పులో దాని వాటా తొంభై. టీవీ మీద పెడితే ముఖం లేని ముద్ద. ఈ లెక్క ఇంత తేలికని అంతకుముందు నాకు తెలియదు. సెన్సర్ వెడల్పుని మాగ్నిఫికేషన్‌తో, అంటే ఆ 0.34 లాంటి వంతుతో, భాగిస్తే ఎంత జాగా పడుతుందో వచ్చేస్తుంది. ఏది కొనే ముందైనా ఇప్పుడు కాగితం మీద ఇదే వేసుకుంటున్నాను.

మొదట కొన్నది అందరూ కొనేదే. లెన్స్ ముందు మరలా బిగించే క్లోజప్ ఫిల్టర్ల సెట్టు, ప్లస్ 1, 2, 4, 10 అని నాలుగు అద్దాలు. నా రెండు జూమ్‌లకీ ముందు మర 58 మి.మీ. కావడంతో ఒకే సెట్టు రెంటికీ సరిపోయింది. 50కి మాత్రం 49 మి.మీ., దానికి 49ని 58కి కలిపే స్టెప్-అప్ రింగ్ వేరే కొన్నాను. ఈ అద్దాల మీదుండే ప్లస్ నెంబరూ, అమ్మ కళ్ళజోడు చీటీలో డాక్టరు రాసిన ప్లస్ నెంబరూ ఒకటే కొలత. చత్వారం వచ్చిన కన్ను దగ్గరిది చూడాలంటే ప్లస్ అద్దం పెడతారు కదా, ఇక్కడ లెన్స్‌కి పెడుతున్నాం. వెయ్యిని ఆ నెంబరుతో భాగిస్తే మిల్లీమీటర్లలో దూరం వస్తుంది. లెన్స్‌ని అనంత దూరానికి ఫోకస్ చేసి ఉంచితే, ప్లస్ 2 పెట్టినప్పుడు అరమీటరు దూరంలో ఉన్నది స్పష్టంగా పడుతుంది, ప్లస్ 4కి పాతిక సెంటీమీటర్లు, ప్లస్ 10కి పది.

ప్లస్ 10 బిగించి, 55 దగ్గర పెట్టి, తొట్టి ముందు కూర్చుని తీశాను. గుడ్డు పెరిగింది, నిజమే. సాయంత్రం టీవీకి తగిలించి చూపిస్తే అమ్మ చాలాసేపు చూసి, "దాని చుట్టూ వంకాయ రంగు ఎందుకే?" అని అడిగింది. ఆవిడ మసక కంటికి కూడా కనపడిన తప్పు అది. ఒకే గాజు పలకతో చేసిన చవక అద్దం అన్ని రంగుల్నీ ఒకే చోట కలపలేదు. నీలం ఒక చోట, ఎరుపు ఒక చోట ఫోకస్ అయి, అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ చారలు దిద్దినట్టు వస్తాయి. మూలలు పాలు ఒలికినట్టు ఉంటాయి. నెంబరు పెరిగే కొద్దీ ఇది ముదురుతుంది. రెండు మూడు అద్దాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఇంకా. పెట్టక తప్పకపోతే పెద్ద నెంబరుది లెన్స్‌కి ఆనుకుని ఉండాలి. నేను ఒకసారి నాలుగూ కలిపి బిగించాను, మరలు పట్టేసి ఊడలేదు. చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తిప్పితే వచ్చాయి.

ఆ సెట్టుని పూర్తిగా తీసిపారేయమని చెప్పను. ప్లస్ 1, ప్లస్ 2 అద్దాలు ఇప్పటికీ నా సంచిలో ఉన్నాయి. మందారం, నందివర్ధనం లాంటి పూలకి ఎఫ్/8లో పెట్టి, అంటే వెలుతురు దూరే లెన్స్ రంధ్రం (అపర్చర్) చిన్నది చేసి తీస్తే తప్పులు మధ్యలోకి రావు. ఎఫ్ పక్క అంకె పెరిగే కొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. ప్లస్ 10 మాత్రం పిల్లవాడికి భూతద్దంగా ఇచ్చేశాను.

తర్వాత ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు. లోపల గాజు ఏదీ ఉండదు కాబట్టి రంగుల తప్పు కొత్తగా చేరదు. లెన్స్ సెన్సర్‌కి దూరం జరిగే కొద్దీ దగ్గరి వస్తువు ఫోకస్‌లోకి వస్తుంది. ఈ మాట విన్నాక చవగ్గా దొరికిన లోహపు సెట్టు తెప్పించాను. 50 ఎం.ఎం. తగిలించి స్విచ్చి వేస్తే అపర్చర్ అంకె ఉండాల్సిన చోట 00 చూపించింది. ఫోకస్ రింగు తిప్పితే తిరుగుతోంది గానీ ఫోకస్ కదలడం లేదు. అరపూట పట్టింది సంగతి అర్థం కావడానికి. కానన్ లెన్స్‌కి అపర్చర్ మూయమని చెప్పేది కెమెరా నుంచి వెళ్ళే కరెంటు. ఆ గొట్టాల్లో కరెంటు అందించే బంగారు రంగు కాంటాక్టులు లేవు. నా 50లో ఫోకస్ మోటారుకి కూడా ఆ కరెంటే కావాలి. అపర్చర్ ఎఫ్/1.8 దగ్గర బార్లా తెరిచి ఉండిపోయింది, ఫోకస్‌లో ఉండే పొర కాగితం మందం. అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోలేదు. నా కోపం డబ్బుకి కాదు, వివరాల్లో ఆ ఒక్క ముక్క రాయనందుకు. మీరు ట్యూబులు కొనేటట్టయితే లోపలి అంచు వెంట కాంటాక్టుల వరస ఉందో లేదో ఫొటోలో చూసుకోండి. అది ఉంటే ఆటోఫోకస్ మాట ఎలా ఉన్నా, అపర్చర్ మన చేతిలో ఉంటుంది.

ఆ గొట్టాల్ని సంచిలో వేసుకుని ఒక శనివారం మౌంట్ రోడ్డు వెనక సందులో ఉన్న పాత కెమెరా రిపేరు కొట్టుకి వెళ్ళాను. డెబ్భై దాటిన పెద్దాయన కళ్ళకి బిళ్ళ అద్దం పెట్టుకుని ఏదో లెన్స్ విప్పుతున్నాడు. నేను తమిళంలో మొదలుపెడితే నా యాస పట్టేసి తెలుగులోకి దిగాడు. మద్రాసులోనే పుట్టి పెరిగిన తెలుగు ఆయనది.

"ఏం తీస్తావమ్మా?"

"పురుగులు, గుడ్లు."

"ఎంత పొడుగుంటాది ఆ పురుగు?"

చెప్పలేకపోయాను. వేళ్ళతో చూపించాను.

"అట్ల కాదు. స్కేలు పెట్టి కొలువు. ఎంత దగ్గరికి పోతే ఊరుకుంటాదో, ఎక్కడ బెదురుతాదో, అదీ కొలువు. రెండు కొలతలు రాసుకుని రా. అప్పుడు నీకేం కావాలో నువ్వే చెప్తావు, నన్ను అడిగే పనుండదు."

వెళ్ళబోతుంటే అలమరలోంచి ఒక బెలోస్ తీసి చూపించాడు. ఫిల్ము రోజుల నాటిది. హార్మోనియం తిత్తిలా నల్లటి మడతలు, కింద ఇత్తడి పట్టాలు, తిప్పితే జరిగే మర. ట్యూబు ఎంత పొడవు కావాలంటే అంతకి సాగుతుందన్నమాట. నాణేలకీ నగలకీ, ఇంట్లో స్టాండు మీద పెట్టి తీసుకునేవాళ్ళకి దాన్ని మించింది లేదన్నాడు. మేడ మీద గాలిలో ఊగే కొమ్మకి పనికిరాదని కూడా ఆయనే అన్నాడు. దాన్ని నాకు అంటగట్టలేదు. అందుకు ఆయన మీద ఎంతో గౌరవం కలిగింది.

ఆదివారం పొద్దున్నే స్కూలు స్కేలు పట్టుకుని మేడెక్కాను. గుడ్డు ఒక మిల్లీమీటరు, కదలదు, ఎంత దగ్గరికి వెళ్ళినా దానికి పట్టదు. అప్పుడే పుట్టిన పిల్లపురుగు మూడు మిల్లీమీటర్లు, కాకిరెట్టలాగా ఉంటుంది, దానికీ మనం పట్టం గానీ అది కూర్చున్న ఆకు ఊపిరి తగిలినా ఊగుతుంది. బాగా ఎదిగి ఆకుపచ్చగా మారిన పురుగు నాలుగు సెంటీమీటర్లు. చేతి నీడ పడినా, కొమ్మ కదిలినా తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఆ కొమ్ములు ఫొటోలో బాగుంటాయి గానీ అది బెదిరింది అని అర్థం, తినడం మానేస్తుంది. జానెడు దూరంలో ఆగితే పట్టించుకోలేదు. ప్యూపా, అంటే పురుగు సీతాకోకచిలుకగా మారే గూడు దశ, మూడు సెంటీమీటర్లు, నడుముకి పట్టుదారం మొలతాడులా కట్టుకుని కదలకుండా ఉంటుంది. ఇక పెద్ద సీతాకోకచిలుక. ఇది పాపిలియో పాలిటిస్, కామన్ మార్మన్ అంటారు. రెక్కలు చాపితే తొమ్మిది పది సెంటీమీటర్లు. మీటరు లోపలికి అడుగుపెడితే ఉండదు.

ఈ కొలతలు రాసుకున్న కాగితం ముందు పెట్టుకుంటే పెద్దాయన మాట నిజమైంది. సీతాకోకచిలుకకి అసలు ఏదీ కొననక్కర్లేదు. 55-250ని ఉన్నదున్నట్టు 250 దగ్గర పెడితే 1.1 మీటర్ల నుంచి ఏడు సెంటీమీటర్ల జాగా నిండుతుంది, మూసిన రెక్కలకి అది చాలు. నేను మొదటి నెలంతా ఎంత పెద్దదిగా వస్తుంది అన్న ఒక్క ప్రశ్నే అడుగుతూ వచ్చాను. ఎంత దూరం నుంచి అన్నది అడగలేదు. ఏ లెన్స్‌కి ఏది తగిలించాలో తేల్చేది ఆ రెండోదే.

ట్యూబు చేర్చే మాగ్నిఫికేషన్ ఎంతంటే, ట్యూబు పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 50కి 20 మి.మీ. ట్యూబు పెడితే 0.4 కలుస్తుంది. తర్వాత కొన్న ప్లాస్టిక్ సెట్టులోని 12, 20, 36 మూడూ కలిపి 68 మి.మీ. పెడితే 1.36, అంటే అసలు సైజుని దాటిపోతుంది. అదే 68ని 250కి పెడితే పావు వంతు పైన కొంచెం, 0.27. అంత గొట్టం మోసినందుకు దక్కేది ఇంతే. పైగా పొడవాటి జూమ్ బరువుకి ప్లాస్టిక్ ట్యూబు మౌంటు (కెమెరాకి తగిలే చోటు) దగ్గర కిందికి వంగడం నా కళ్ళతో చూశాను. 18 దగ్గర 36 ట్యూబు పెడితే ఇంకో వింత, ఫోకస్ అయ్యే చోటు లెన్స్ గాజు లోపలికే వచ్చేస్తుంది, ఎంత దగ్గరికి తోసినా ఏదీ కనపడదు.

ముందు పెట్టే అద్దానిది దీనికి సరిగ్గా తలకిందుల లెక్క. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని అద్దం నెంబరుతో గుణించి వెయ్యితో భాగించాలి. పొడవాటి లెన్స్‌కే ఎక్కువ ఫలితం. అందుకే పొట్టి లెన్స్‌కి ట్యూబు, పొడుగు లెన్స్‌కి అద్దం. కాగితం చివర ఇది రాసి కింద రెండు గీతలు గీశాను.

అద్దం అంటే మళ్ళీ వంకాయ రంగు గుర్తొచ్చింది. దానికి మందు ఆక్రోమాట్. వేర్వేరు రకాల గాజులు జత చేసి, ఒకటి చెదరగొట్టిన రంగుల్ని ఇంకొకటి కలిపేలా చేసిన అద్దం. కానన్ 500డి, 250డి అలాంటివే. 500 అంటే 500 మి.మీ. దూరం, మన లెక్కలో ప్లస్ 2. 250డి ప్లస్ 4. 2009లో వచ్చిన కెమెరా పేరు కూడా 500డినే కాబట్టి కొట్టులో అడిగేటప్పుడు క్లోజప్ లెన్స్ అని స్పష్టంగా చెప్పాలి. జపాన్‌లో చేసే రేనాక్స్‌లో డీసీఆర్-150 ప్లస్ 4.8, డీసీఆర్-250 ప్లస్ 8. వీటికి స్ప్రింగు క్లిప్పు ఉంటుంది, 52 నుంచి 67 మి.మీ. దాకా ఏ లెన్స్ ముందైనా మూతలాగా నొక్కి పెట్టేయొచ్చు.

డీసీఆర్-250కి మనసు లాగింది, నా జూమ్ మీద రెండింతలు వస్తుంది కదా. కానీ దూరం పన్నెండున్నర సెంటీమీటర్లు, పురుగు కొమ్ములు బయటపెట్టే హద్దు లోపల. 150 అయితే దూరం ఇరవై, జానెడు. 250 ఎం.ఎం. దగ్గర 1.2 రెట్లు, 100 దగ్గర దాదాపు సగం సైజు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా జూమ్ తిప్పితే మూడు మిల్లీమీటర్ల పిల్లపురుగు నుంచి నాలుగు సెంటీమీటర్ల పెద్దపురుగు దాకా అన్నీ వస్తాయి. నేను 150 తీసుకున్నాను. కొన్నవాటిలో ఖరీదైనది ఇదే, ఎక్కువ వాడుతున్నదీ ఇదే. 55 దగ్గర మూలలు నల్లబడతాయి, చిన్న గాజు కదా, వంద దాటాక ఆ బాధ లేదు. ఇంకొక మేలు ఏమిటంటే ఇది వెలుతురు తినదు. ట్యూబుతో అసలు సైజుకి వెళ్తే సెన్సర్‌కి చేరే వెలుతురు నాలుగో వంతే. అద్దంతో ఆ కోత లేదు.

ప్యూపాకి కాంటాక్టులున్న ట్యూబుల సెట్టు కొన్నాను, 50తో వాడటానికి. కదలని వస్తువు, దగ్గరికి వెళ్ళినా తప్పు లేదు. 20 మి.మీ. ట్యూబుతో మూడున్నర నుంచి అయిదున్నర సెంటీమీటర్ల జాగా పడుతుంది, ప్యూపాకి కొలిచి కుట్టినట్టుంటుంది. చిత్రంలో పదును ఆక్రోమాట్ కన్నా ఒక పిసరు మెరుగనే నాకు అనిపించింది.

ఇక గుడ్డు. మొదలైంది దానితో, అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టిందీ దానికే.

150తో తీస్తే గుడ్డు మూడు వందల పిక్సెళ్ళు దాటింది. తొంభై నుంచి అంత అయింది, అయినా టీవీ మీద నాకు తృప్తి లేదు. అప్పుడు రివర్స్ రింగు కొన్నాను, ఒక పూట హోటల్ భోజనం ఖర్చు. ఒక వైపు కెమెరాకి పట్టే మౌంటు, ఇంకో వైపు 58 మి.మీ. మర. లెన్స్‌ని తలకిందులుగా, ముందు భాగం కెమెరా వైపు వచ్చేలా బిగించడం. ఇందులో మర్మం ఏమిటంటే, మామూలుగా లెన్స్ ముందున్న వస్తువు దూరంగా ఉంటుంది, వెనకున్న సెన్సర్ దగ్గరగా ఉంటుంది. లెన్స్‌ని అందుకు తగ్గట్టు రూపొందిస్తారు. వస్తువు సెన్సర్ కన్నా దగ్గరికి వచ్చేస్తే లెన్స్‌ని తిప్పి పెట్టడమే దానికి న్యాయం చేయడం. జూమ్ లెక్క కూడా తిరగబడుతుంది. 55 దగ్గర తక్కువ, 18కి తిప్పే కొద్దీ పెరిగిపోయి మూడింతలు దాటుతుంది.

దూరం మాత్రం చాలా తక్కువ. కానన్ మౌంటు నుంచి సెన్సర్‌కి 44 మి.మీ. ఉంటుంది. తిప్పి పెట్టినప్పుడు ఇటువైపు గుడ్డు కూడా మౌంటుకి దాదాపు అంతే దూరంలో ఉండాలి. కరెంటు అందదు కాబట్టి అపర్చర్‌కి ఒక కిటుకు ఉంది. లెన్స్ మామూలుగా ఉన్నప్పుడే ఎఫ్/8 పెట్టి, డెప్త్ ప్రివ్యూ బటన్ (ఫొటో తీయకుండానే అపర్చర్ మూసి చూపించేది) నొక్కి పట్టుకుని, అలాగే లెన్స్ ఊడదీస్తే అపర్చర్ రేకులు ఆ స్థానంలోనే ఆగిపోతాయి. అప్పుడు తిప్పి బిగించుకోవాలి. ఇలా చేసేటప్పుడు లెన్స్ వెనక గాజు, కాంటాక్టులు గాలికి బయటపడి ఉంటాయి. దుమ్ములో, వాన తుంపరలో నేను తీయను, పని అవగానే మూత పెట్టేస్తాను.

మొదట ఎఫ్/16 పెట్టాను, ఎక్కువ భాగం ఫోకస్‌లో ఉంటుందని. మొత్తం మెత్తగా, అన్నం గంజి పట్టినట్టు వచ్చింది. మాగ్నిఫికేషన్ పెరిగితే అపర్చర్ కూడా మనం పెట్టినదానికన్నా చిన్నదైపోయినట్టు లెక్క. మూడింతల దగ్గర ఎఫ్/8 అంటే జరిగే పని ఎఫ్/32 పని, ఎఫ్/16 అంటే ఎఫ్/64. అంత చిన్న రంధ్రంలో వెలుగు చెదిరి పదును పోతుంది. ఎఫ్/5.6కి వస్తే గుడ్డు ముందు భాగం అద్దంలా వచ్చింది గానీ ఫోకస్ పొర మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ. ఆ పొర గుడ్డు మీద ఎక్కడ పడాలో మనం నిర్ణయించుకోవాలి. ఫోకస్ రింగుని ముట్టుకోకూడదు. కెమెరాని బియ్యం మూట మీద పెట్టి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పదింతలు పెద్దది చేసి, కెమెరాని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ వరసగా తీశాను. నలభై తీస్తే రెండు నిలిచాయి.

గాలి సంగతి చెప్పాలి. మద్రాసులో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది గానీ ఫొటోలకి అది శత్రువు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది లోపలే నా పని. కొమ్మ పక్కన తొట్టిలో చీపురుపుల్లల కట్ట గుచ్చి, బట్టల క్లిప్పుతో కొమ్మని దానికి పట్టిస్తాను, ఆకు ఆగుతుంది. వెలుతురు కోసం కెమెరా మీది ఫ్లాషే వాడాను. పొడుగు జూమ్ నీడ పురుగు మీద పడుతుంటే, బటర్ పేపరు రెండు పొరలు మడిచి ఫ్లాష్ ముందు నుంచి లెన్స్ కొస దాకా పందిరిలా కట్టాను, కింద తెల్ల థర్మకోల్ ముక్క పెట్టాను. షట్టర్ 1/200, ఐఎస్ఓ 400, ఎఫ్/11. ఆకుపచ్చ పురుగు నిగనిగ మీద తెల్లటి పెద్ద మచ్చ పడకుండా పోయింది. ఏ వస్తువు కొన్నా రానంత తేడా ఆ బటర్ పేపరుతో వచ్చింది.

అక్టోబర్లో వానలు మొదలవగానే పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఫొటోలు చూపించడానికి. చూసి తలాడించి, వెంటనే సామానంతా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టమన్నాడు. ఈ ఊరి తేమకి గాజు లోపల బూజు తీగలు పాకిన లెన్స్ ఒకటి తీసి దీపానికి అడ్డం పెట్టి చూపించాడు. అప్పటి నుంచి నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయా అని వారం వారం చూసుకుంటున్నాను.

గుడ్డు ఫొటో టీవీ మీద పెట్టిన సాయంత్రం అమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. పసుపు బంతి, కింద ఆకు ఈనెలు, గుడ్డుని ఆకుకి అంటించిన జిగురు తడి మెరుపు. "ఇంత నున్నగా ఉంటాదా" అంది. మూడో రోజు ఫొటోలో గుడ్డు మసకబారి, లోపల నల్లటి తల కనపడింది. ఆ మర్నాడు తీసినదాంట్లో బయటికొచ్చిన పిల్ల తన గుడ్డు పెంకునే తింటోంది. అమ్మ ఆ బొమ్మని మూడుసార్లు వెనక్కి తిప్పించుకుంది. కుడివైపు తొట్టి వంటకి, ఎడమవైపు తొట్టి పురుగులకి అని ఆవిడే తేల్చేసింది.

నవంబరులో ఒక ప్యూపా నల్లబడి, పదకొండో రోజు పొద్దున పగిలింది. నేను 50, ట్యూబుతో సిద్ధంగానే ఉన్నాను. రెక్కలు తడి గుడ్డపేలికల్లా వేలాడుతూ బయటికొచ్చి, చూస్తుండగానే విచ్చుకున్నాయి. అంత పెద్దదానికి ట్యూబు పనికిరాదు, తీసేసి మామూలు లెన్స్‌తోనే తీశాను.

డిసెంబరులో అమ్మ ఎడమ కంటికి కూడా ఆపరేషన్ అయింది. జనవరిలో చదువుకోవడానికి ప్లస్ 2.5 కళ్ళజోడు ఇచ్చారు. అది పెట్టుకుని మేడ మీదకి వెళ్ళి, ఎడమవైపు తొట్టి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. కాసేపటికి కిందికి వినపడేలా పిలిచింది.

"కెమెరా తీసుకుని రావే. రెండు ఉండాయి ఈ ఆకు మీద."